44 ఫారాల నవల: ఒక కోత కథ

ఒక నవల ముద్రణకు వెళ్లే ముందు మా సంస్థలో పదకొండు నెలలపాటు నడిచిన గొడవ ఇది. ఆ నవలకు సంపాదకుడిని నేనే. రచయిత్రి అనుమతితో రాస్తున్నాను. ఆమె పేరు, నవల పేరు, సంస్థ పేరు చెప్పను. అసలు అంకెలు బయటపెట్టే స్వేచ్ఛ కూడా నాకు లేదు. అందుకని ఆ పుస్తకానికి మొదట అనుకున్న ధరను 100 పాళ్లుగా పెట్టుకుని, మిగతా ఖర్చులన్నీ ఆ లెక్కలోకి మార్చాను.

కళకూ డబ్బుకూ మధ్య జరిగిన తగాదాలను మా వృత్తిలో అందరం ఒకే తీరులో చెప్పుకుంటాం. అందులో రచయిత అమాయకుడు, సంపాదకుడు రక్షకుడు, అమ్మకాల మనిషి కసాయి. నేనూ ఏళ్ల తరబడి అలాగే చెప్పాను. ఈ నవల విషయంలో ఆ పాత్రలేవీ ఆయా మనుషులకు అతకలేదు. నా పాత్ర అసలే అతకలేదు.

రాతప్రతి

మాది మధ్యరకం ప్రచురణ సంస్థ. పోటీ పరీక్షల పుస్తకాలు, వ్యాకరణ అభ్యాసాలు డబ్బు తెస్తాయి. ఆ డబ్బుతో ఏడాదికి ఏడెనిమిది సాహిత్య గ్రంథాలు వేస్తాం. సాహిత్యం వేసే సంస్థలు చాలావరకు ఇలాగే బతుకుతాయి. ఒక గది సంపాదిస్తుంది, ఇంకో గది పేరు తెస్తుంది. రెండింటి మధ్య తలుపు మాత్రం ఎప్పుడూ కిర్రుమంటూనే ఉంటుంది.

రచయిత్రి అంతకుముందు మా దగ్గర రెండు పుస్తకాలు వేశారు. రెండూ తొలి ఏడాది 1,200 ప్రతుల చుట్టుపక్కల అమ్ముడయ్యాయి. మూడోది ఆరేళ్లు రాశారు. ఒక పడవల రేవు మూతపడడం, దాన్ని నమ్ముకున్న మూడు కుటుంబాలు చెదిరిపోవడం కథ. మొత్తం 41 అధ్యాయాలు. అక్షరాలు కూర్చి చూస్తే 44 ఫారాలు తేలింది. ఫారానికి పదహారు పేజీల చొప్పున 704 పేజీలు.

నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి పాఠకుడిగా, పెన్సిలు లేకుండా. రెండోసారి పెన్సిలుతో. పదహారో అధ్యాయం దాకా అంచుల్లో గీతలు చాలా తక్కువ. పదిహేడు నుంచి ఇరవై నాలుగు దాకా ప్రశ్నార్థకాలే. ఆ ఎనిమిది అధ్యాయాల్లో రేవు మీద దావా నడుస్తుంది. అర్జీలు, వాంగ్మూలాలు, వాయిదాలు. దావా పోతుందని పదహారో అధ్యాయం చివరే పాఠకుడికి అర్థమైపోతుంది. ఆ తరువాత నూట ముప్పై పేజీలపాటు తెలిసిన సంగతి కోసం ఎదురుచూడాలి. ఇరవై రెండో అధ్యాయం అంచున ‘అలిసిపోయాను’ అని రాసుకున్నాను. ఆ ఒక్క మాట తరువాత నన్ను చాలా రోజులు వెంటాడింది.

సమావేశం

రాతప్రతి స్వీకరించాక జరిగే సమావేశంలో నలుగురం ఉంటాం: ప్రచురణకర్త, అమ్మకాల అధికారి, లెక్కలు చూసే ఆమె, నేను. అమ్మకాల అధికారి సూటిగా చెప్పాడు. ‘ఇది 28 ఫారాలకు దిగాలి. 700 పేజీల పుస్తకాన్ని దుకాణంవాడు ముందువరుసలో పెట్టడు. ధర 100 అంటే కొనేవాడు చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. 75కి ఇవ్వగలిగితే నేను దుకాణాలన్నీ తిరిగి అమ్ముతాను.’ అక్కడితో ఆగినా సరిపోయేది. ‘అయినా ఇందులో 250 పేజీలు పోతే ఎవరికీ తెలియదు’ అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ‘ఏ 250 పేజీలో మీరే గుర్తు పెట్టండి’ అన్నాను. ఆయన పుస్తకం చదవలేదని నాకు తెలుసు. తీయదగ్గ పేజీలు ఏవో కూడా నాకు తెలుసు.

‘ఒక్క వాక్యం కూడా తీయడానికి వీల్లేదు’ అని నేను ఆ రోజు చెప్పిన మాట సమావేశపు నోటు పుస్తకంలో నమోదైంది. పెన్సిలు గీతలున్న ప్రతి నా సంచిలోనే ఉంది. బయటికి తీయలేదు. తీస్తే అమ్మకాల అధికారి గెలిచినట్టవుతుందని భయం. కాగితం ఖర్చు కోసం నవలను నరుకుతున్నవాళ్ల పక్షాన నిలబడినట్టవుతుందని భయం. ఆ సాయంత్రం రచయిత్రికి ఫోను చేసి ‘మీ పుస్తకాన్ని కాపాడాను’ అన్నాను. ఆమె కృతజ్ఞతలు చెప్పారు. ఆ కృతజ్ఞతకు నేను అర్హుడిని కాను.

సంపాదకుడి పని రచయితకు నిజం చెప్పడం. డబ్బు కారణంగా కోత అనే మాట గదిలో వినపడగానే నా పని నేను మానేశాను. తరువాత తోటి సంపాదకులను అడిగితే చాలామంది తలవంచుకుని ఒప్పుకున్నారు, తమకూ ఇలాగే జరిగిందని. లాభం పేరు చెప్పి ఎవరైనా ఒక మార్పు అడిగితే, ఆ మార్పు కళాపరంగా సరైనదే అయినా ఇవతలి పక్షం నోరు కట్టేసుకుంటుంది. అప్పటినుంచి పుస్తకం గురించి మాట్లాడేవాళ్లుండరు. మాటలన్నీ పక్షాల గురించే.

కోత అనేది డబ్బు కన్న బిడ్డ కాదు. 1929లో అమెరికన్ నవలాకారుడు థామస్ వుల్ఫ్ తొలి నవల స్క్రిబ్నర్స్ సంస్థలో వెలువడడానికి ముందు సంపాదకుడు మ్యాక్స్‌వెల్ పెర్కిన్స్, రచయిత కలిసి కూర్చుని వేల మాటలు తీశారు. అది నవలకు మేలు చేసిందనే చాలామంది అన్నారు. వుల్ఫ్ ఆ మేలును మోయలేకపోయాడు. సంపాదకుడు లేకపోతే ఇతని నవలలు నిలబడవని 1936లో బెర్నార్డ్ డెవోటో రాసిన విమర్శ గట్టిగా తగిలి, మరుసటి ఏడాది సంస్థనే వదిలేశాడు. అమెరికన్ కథకుడు రేమండ్ కార్వర్ కథలది ఇంకో దారి. 1981 సంపుటిలో సంపాదకుడు గార్డన్ లిష్ కొన్ని కథలను సగానికి పైగా కోశాడు. ముద్రణ ఆపమని కార్వర్ ముందే ఉత్తరంలో వేడుకున్నాడు. కోయని మూలప్రతులు ఆయన చనిపోయిన చాలా ఏళ్లకు, 2009లో పుస్తకంగా వచ్చాయి. ఈ రెండుచోట్లా కత్తి పట్టింది సంపాదకులే, కాగితం ధర వాళ్ల తలలో లేదు. ఒకచోట రచయిత పక్కనే కూర్చున్నాడు, ఇంకోచోట వద్దని మొత్తుకున్నాడు. నా తలలో ఈ తేడా లేదు. కోత అంటే అమ్మకాల విభాగం, అంతే.

ఒప్పందం ప్రకారం రచయిత్రి రాతపూర్వక అంగీకారం లేకుండా ఒక్క అక్షరం మార్చడానికి లేదు. ఆ నిబంధన వెనక పెద్ద చరిత్రే ఉంది. రచనను వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే హక్కు రచయితదేనని, రచయితల హక్కుల మీద దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒడంబడికలో 1928 రోమ్ సవరణతో చేరింది. మంచి హక్కు. దాన్ని నేను నా మౌనానికి గొడుగుగా వాడుకున్నాను.

లెక్క

నాలుగు నెలలు పని ఆగిపోయింది. ప్రచురణకర్త తేల్చలేదు. ఆయనది మెతక స్వభావం, వాయిదా వేయడం ఆయనకు నిర్ణయంతో సమానం. చివరికి గొడవను కదిలించింది లెక్కలు చూసే ఆమె. ఎవరూ అడగకుండానే ఒక కాగితం తెచ్చి బల్లమీద పెట్టారు. దాన్ని కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇలాంటి గొడవల్లో ఈ కాగితం తరచుగా ఆలస్యంగా వస్తుంది, లేదా రానే రాదు.

ధర 100. అందులో దుకాణాలకూ పంపిణీదారులకూ తగ్గింపు 45. రచయిత్రి రాయల్టీ 10. అమ్ముడైన ప్రతి ఒక్కదానికీ మాకు మిగిలేది 45. భాషా పరిష్కారం, అక్షరకూర్పు, ముఖచిత్రం కలిపి ఒక్కసారి పెట్టే ఖర్చు 30,000. ఇది ఎన్ని ప్రతులు వేసినా మారదు. అమ్మకాల విభాగం అలవాటు ప్రకారం 3,000 ప్రతులు వేస్తే ముద్రణ, కాగితం, బైండింగు ఒక్కోదానికి 22, అంటే 66,000. మొత్తం 96,000. పెట్టుబడి తిరిగి రావాలంటే 2,134 ప్రతులు అమ్మాలి.

ఇప్పుడు 28 ఫారాలకు కోద్దాం. ముద్రణ ఖర్చు ప్రతికి 15కు దిగుతుంది. మొత్తం 75,000. కానీ కోసిందే ధర తగ్గించడానికి కదా. ధర 75 అయితే మాకు మిగిలేది 33.75. అప్పుడు పెట్టుబడి తిరిగి రావాలంటే 2,223 ప్రతులు అమ్మాలి. మూడోవంతుకు పైగా నవలను నరికినా, నష్టపోకుండా ఉండాలంటే ఇంకో 89 ప్రతులు ఎక్కువే అమ్మాలన్నమాట.

అమ్మకాల అధికారి ఊరుకోలేదు. చవక ధర కొత్త పాఠకులను తెస్తుందన్నాడు. 1935లో ఇంగ్లండులో అలెన్ లేన్ ఆరు పెన్నీలకు పెంగ్విన్ పుస్తకాలు తెచ్చిన కథ చెప్పాడు. పుస్తకాల దుకాణాలు అనుమానంగా చూశాయి, వుల్‌వర్త్ దుకాణాల పెద్ద ఆర్డరుతో అవి నిలదొక్కుకున్నాయి. కథ నిజమే. అయితే ఆ తొలి పది పుస్తకాలూ అప్పటికే ఖరీదైన ప్రతులుగా వెలువడినవి, పాఠకులకు తెలిసినవి. మాది ఎవరూ చూడని రాతప్రతి. ఈ మాట నేను అనలేదు, లెక్కలు చూసే ఆమె అన్నారు. నాకు మళ్లీ కాస్త సిగ్గు వేసింది.

ఆమె కాగితంలో మూడో గడి ఉంది. నవలను కోయకుండా 1,500 ప్రతులే వేస్తే ఎలా ఉంటుందని. ప్రతికి ముద్రణ ఖర్చు 27కు పెరుగుతుంది. మొత్తం 70,500. మొత్తం అమ్ముడైనా వచ్చేది 67,500, అంటే తొలి ముద్రణ ఎంత బాగా పోయినా కొద్దిగా నష్టమే. వినగానే ప్రచురణకర్త ముఖం ముడుచుకున్నాడు. ‘ఇప్పుడు చెడ్డ సంవత్సరం వచ్చిందనుకోండి’ అన్నారు ఆమె. పాత పుస్తకాల్లాగే 1,200 మాత్రమే అమ్ముడయ్యాయనుకుంటే, కోయని పుస్తకం 3,000 వేసినప్పుడు నష్టం 42,000. కోసి 3,000 వేస్తే 34,500. కోయకుండా 1,500 వేస్తే 16,500. కోత వల్ల ఆదా 7,500. ముద్రణ సంఖ్య తగ్గించడం వల్ల ఆదా 25,500.

నాలుగు నెలలుగా మేము నవల పొడవు గురించి కొట్టుకుంటున్నాం. మమ్మల్ని భయపెట్టింది పొడవు కాదు, గోదాములో పేరుకునే వాపసు ప్రతులు. దుకాణాలు అమ్ముడుపోనివి తిరిగి పంపే పద్ధతి మా వ్యాపారంలో పాతుకుపోయి ఉంది. ప్రతులు దుకాణానికి వెళ్తే అమ్ముడైనట్టు కాదు, అప్పు ఇచ్చినట్టు. అమ్మకాల అధికారి గోదాము అద్దె బిల్లు చూసే మనిషి. ఆయన ‘నవల పొడుగైంది’ అన్న ప్రతిసారీ అసలు చెబుతున్నది ‘వెనక్కి వస్తాయేమోనని భయం’ అని. ఆ భయానికి తగిన భాష ఆయన దగ్గర లేదు, వినే చెవి నా దగ్గర లేదు.

పెన్సిలు ప్రతి

1,500 వేయడానికి ప్రచురణకర్త ఒప్పుకున్నాడు. కోత మాట కాగితం మీద నుంచి పోయింది. రచయిత్రికి చెప్పడానికి ఈసారి నేరుగా వెళ్లాను. విషయం అంతా విని, కాసేపు మాట్లాడకుండా కూర్చుని, ‘ఇప్పుడు డబ్బు గొడవ లేదు కదా. చెప్పండి, చదువుతుంటే ఎక్కడైనా అలిసిపోయారా?’ అని అడిగారు.

నేను అంచున రాసుకున్న మాట అదే. సంచిలోంచి పెన్సిలు ప్రతి తీసి ఇచ్చాను. ఇరవై రెండో అధ్యాయం దగ్గర ఆగారు. ‘ఇది ఎప్పుడు రాశారు?’ అన్నారు. సమావేశానికి ముందని చెప్పాను. ‘మరి ఆ రోజు నన్ను కాపాడానన్నారు’ అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది, ఇప్పటికీ లేదు.

ఆ ప్రతిని ఏడు వారాలు తన దగ్గరే ఉంచుకున్నారు. తిరిగి వచ్చినప్పుడు నవల 35 ఫారాలు, 560 పేజీలు ఉంది. తొమ్మిది ఫారాలు ఆమే తీసేశారు. నేను గీసిన చోటల్లా తీయలేదు. దావా అధ్యాయాలు ఎనిమిదిని మూడు చేశారు. వాంగ్మూలాలన్నీ పోయాయి, ఒక్క ముసలి పడవవాడిది మాత్రం ఉంచారు. దాన్ని నేను ‘తీసేయవచ్చు’ అని గుర్తు పెట్టాను. ఆమె సరిగ్గా చేశారు, ఆ వాంగ్మూలం లేకపోతే చివరి భాగానికి బరువుండదు. ఇంకోవైపు, నేను ఒక్క గీత కూడా పెట్టని ముప్పై ఒకటో అధ్యాయాన్ని ఎత్తేశారు. పడవలు కట్టేవాడు రాత్రంతా మేలుకుని కీలు, అంటే తారు, ఆరబెట్టే అధ్యాయం అది. పుస్తకం మొత్తంలో నాకు ఎంతో ఇష్టమైన పేజీలు. ఎందుకు తీశారంటే, ‘అక్కడ నేను నా రాతను చూసి మురిసిపోతున్నాను’ అన్నారు. వాదించాను. వినలేదు.

నిజానికి ఆ 35 ఫారాలు అమ్మకాల అధికారి అడిగిన 28కి దూరమేమీ కాదు. ఆయన అడిగినప్పుడు వీల్లేదన్న మార్పులో సగానికి పైగా, అడగడం మానేశాక జరిగిపోయింది. అయితే ఆయన అడిగిన నవల ఇది కాదు, నేను కాపాడానన్న నవలా కాదు.

పేరు సంగతి కూడా చెప్పాలి. రచయిత్రి పెట్టిన పేరు నాలుగు మాటల సంస్కృత సమాసం. పలకడం కష్టమని అమ్మకాల అధికారి ‘ఫోనులో ఆర్డరు చెప్పలేరు’ అన్నాడు. నేను మండిపడ్డాను. ఆమె ఒక్క నిమిషం ఆలోచించి, ‘నిజమే, మా చెల్లెలు కూడా తప్పే పలుకుతోంది’ అని రెండు మాటల పేరు పెట్టారు. అంతే.

పాఠకుడి గంటలు

ఏ లెక్కలోకీ రానిది ఒకటుంది. నేను రెండుసార్లు చదవడానికి పట్టిన వారాలు, ఆమెతో కూర్చున్న రోజులు, మూడోసారి చదివిన వారం. 30,000 పాళ్లలో ఇవి లేవు. నా జీతం సంస్థ సాధారణ ఖర్చులో కలిసిపోతుంది.

1966లో విలియం బామోల్, విలియం బోవెన్ ప్రదర్శన కళల ఆర్థిక స్థితి మీద రాసిన పుస్తకంలో చెప్పిన మాట ఇక్కడికీ వర్తిస్తుంది. నలుగురు వాయిద్యకారులు ఒక కృతిని వాయించడానికి రెండు వందల ఏళ్ల కిందట ఎంతసేపు పట్టేదో ఇప్పుడూ అంతే పడుతుంది. మిగతా రంగాల్లో యంత్రాల వల్ల ఒక మనిషి గంటలో చేసే పని పెరుగుతుంది, జీతాలూ పెరుగుతాయి. వాయిద్యకారులకూ ఆ జీతాలే ఇవ్వాలి కాబట్టి కళ ఖర్చు ఏటేటా పెరుగుతున్నట్టు కనబడుతుంది. 704 పేజీల రాతప్రతిని జాగ్రత్తగా చదవడం కూడా అటువంటిదే. అక్షరకూర్పు చవకైంది, తక్కువ ప్రతుల ముద్రణ చవకైంది, చదవడం చవక కాలేదు. అందుకే ఖర్చు తగ్గించాలన్నప్పుడు చాలా సంస్థల్లో మొదట పోయేది చదివే మనిషే. ఆ తరువాత వచ్చే పొడుగాటి నవలలకు ‘అలిసిపోయాను’ అని రాసేవాడు ఉండడు. అప్పుడు కోత కోరేది నిజంగానే అమ్మకాల విభాగం ఒక్కటే అవుతుంది.

ఫలితం

ధర 90 పాళ్లుగా పెట్టాం. 1,500 ప్రతుల ముద్రణకు ప్రతికి 23 పడింది. ఆ ప్రతులు పద్నాలుగు నెలల్లో అయిపోయాయి. అంతా అమ్ముడయ్యాక కూడా పుస్తకం 3,750 పాళ్ల లోటులో ఉంది. రెండో ముద్రణ 1,000 వేశాం, ప్రతికి 24 చొప్పున. ఇది రాస్తున్న నాటికి అందులో 640 పోయాయి. లోటు 1,830కి దిగింది. ఇంకో 46 ప్రతులు అమ్ముడైతే లాభంలోకి వస్తుంది.

ఈ అంకెలు చూసి ఒక మిత్రుడు ‘ఇంత గొడవ ఇంతకేనా’ అన్నాడు. ఇంతకే. సాహిత్యంలో డబ్బు ఎప్పుడు వస్తుందో ముందే చెప్పలేం. ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త పియర్ బూర్దియూ ఎడిసియోఁ ద మినుయి అనే ప్రచురణ సంస్థ లెక్కలను పరిశీలించాడు. అలాఁ రాబ్-గ్రియే 1957లో వేసిన ఒక నవల తొలి ఏడాది 746 ప్రతులే పోయింది. 1968 నాటికి అదే నవల దాదాపు 30 వేలకు చేరింది. దాని పక్కన బూర్దియూ ఒక బహుమతి నవలను పెట్టాడు. మొదటి ఏడాది వేలల్లో అమ్ముడై, తరువాత దాదాపు కనుమరుగైన నవల అది. మా అమ్మకాల అధికారికి ఏడాదికోసారి లక్ష్యం ఉంటుంది. ఆ గడువులో 746 అంటే ఓటమే. పదకొండేళ్ల గడువున్న మనిషి ఎవరైనా సంస్థలో ఉన్నారా అన్నది వేరే ప్రశ్న. మా దగ్గర లేరు. నాకూ లేదు ఆ గడువు, నా ఒప్పందం రెండేళ్లకోసారి తిరగరాస్తారు.

ఎవరికి ఎంత వచ్చిందో కూడా చూద్దాం. అమ్ముడైన 2,140 ప్రతుల మీద దుకాణాలకూ పంపిణీకీ వెళ్లింది 86,670 పాళ్లు. ముద్రణకు రెండు విడతల్లో 58,500. రచయిత్రికి 19,260, అదీ ఏడాదికోసారి చెల్లింపు. ప్రెస్సుకు ముప్పై రోజుల్లో డబ్బు కట్టేస్తాం. ఈ పుస్తకం మీద పెద్ద పెట్టుబడి ఎవరిదంటే, ఆరేళ్లు పెట్టిన ఆమెది. నష్టం వస్తుందేమోనని మేము నలుగురం సమావేశాల్లో వణుకుతున్నప్పుడు, ఆమె నష్టం అప్పటికే జరిగిపోయి ఉంది. ఆ గదిలో ఆమెకు కుర్చీ లేదు. ఈ వాక్యాన్ని ఒక నివేదికలో రాసి పైకి పంపాను. తరువాతి పుస్తకాల నుంచి లెక్క సమావేశానికి రచయితనూ పిలుస్తున్నాం. కొందరు రావడం లేదు. అంకెలు చూస్తే రాయలేమంటున్నారు. వాళ్లతో వాదించను.

పాఠం నేర్చుకోవడంలో చేసిన తప్పు

లెక్కలు చూసే ఆమె కాగితం ప్రచురణకర్తకు తెగ నచ్చింది. అన్నిటికీ 1,500 అని హుకుం జారీ చేశాడు. ఆ ఏడాదే ఒక కొత్త రచయిత తొలి నవలను అదే సంఖ్యలో వేశాం. పదిహేను రోజుల్లో అయిపోయింది. మళ్లీ ముద్రించి దుకాణాలకు చేర్చేసరికి తొమ్మిది వారాలు పట్టింది. అప్పటికి దాని గురించి మాట్లాడేవాళ్లు వేరే పుస్తకం గురించి మాట్లాడుతున్నారు. రెండో ముద్రణలో సగం ఇప్పటికీ గోదాములోనే ఉంది.

ఏది విజయవంతమవుతుందో ఎవరికీ తెలియదన్న మాట సినిమా రచయిత విలియం గోల్డ్‌మన్ 1983లో అన్నాడు, ఆర్థికవేత్త రిచర్డ్ కేవ్స్ 2000లో దాన్ని సృజన పరిశ్రమల మూల లక్షణాల్లో ఒకటిగా చేర్చాడు. మేము దాన్ని ‘కాబట్టి తక్కువ వేయి’ అని అర్థం చేసుకున్నాం. 2006లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక ప్రయోగం ఇంకో కోణం చూపిస్తుంది. మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ పద్నాలుగు వేల మందికి పైగా శ్రోతలకు, అంతగా పేరులేని బృందాల పాటలు 48 వినిపించారు. శ్రోతల్లో ఎక్కువమందిని ఎనిమిది వేరువేరు గుంపులుగా విడగొట్టి, తమ గుంపులో ఏ పాటను ఎంతమంది దింపుకున్నారో వాళ్లకు కనిపించేలా చేశారు. ఒక గుంపులో పైకి వచ్చిన పాట ఇంకో గుంపులో అడుగున పడింది. మరీ మంచివి అరుదుగా పడిపోయాయి, మరీ చెడ్డవి అరుదుగా పైకి వచ్చాయి. మధ్యలోవాటికి ఏదైనా జరిగింది. మొదట వచ్చిన కొద్దిమంది ఇష్టం తరువాతివాళ్ల ఇష్టాన్ని ఈడ్చుకుపోయింది. మా కొత్త రచయిత విషయంలో ఆ ఈడ్పు మొదలైన వారమే మేము దుకాణాలు ఖాళీగా ఉంచాం. మొదట చేయబోయిన పొరపాటు ఎక్కువ వేయడం, నష్టం భయంతో చేసిన రెండోది తక్కువ వేయడం. రెండూ ఒకే పొరపాటు కాదని లెక్కలు చూసే ఆమె అంటారు. ఇప్పుడు 1,500 వేసి, ఇంకో 1,500కు సరిపడా కాగితం ప్రెస్సులో కొని ఉంచుతున్నాం. కాగితం వాపసు రాదు, మరో పుస్తకానికి పనికొస్తుంది.

అమ్మకాల అధికారితో నా సంబంధం బాగుపడిందని చెప్పలేను. మారింది. ఇప్పుడు సమావేశానికి ముందే నా పెన్సిలు ప్రతి రచయితకు వెళ్తుంది, ఖర్చుల కాగితం ఆ తరువాతే బల్ల మీదికి వస్తుంది. ఈ వరుస తప్పకూడదని ఇద్దరం ఒప్పుకున్నాం. దీనివల్ల ఆయనకు నెల ఆలస్యం. విసుక్కుంటాడు.

గత నెల రచయిత్రి ఉత్తరం రాశారు. మూడో ముద్రణ వేస్తే ఒక అధ్యాయం తిరిగి చేర్చాలని ఉందట. ముప్పై ఒకటోదేమో అనుకుని ఆశగా చదివాను. కాదు, ఇరవై రెండోది. కొత్తగా రాసి పంపారు. పాతదానిలో మూడోవంతు ఉంది. చదివాను, ఇంకా ఏమీ చెప్పలేదు. ఒక నకలు అమ్మకాల అధికారి బల్లమీద పెట్టాను. ఎన్ని ఫారాలు పెరుగుతాయని ఆయన అడగలేదు. సాయంత్రం వెళ్తూ కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. పది రోజులైంది, తిరిగి ఇవ్వలేదు.